నేర్పడానికి వెళ్లి.. శిష్యుడయ్యాడు!

22 ఏళ్ల కుర్రాడు. బ్యాంకు ఉద్యోగం వదిలేశాడు. రాగిరేకు మీద బొమ్మ గీసి, ఆమ్లంతో చెక్కి, కాగితంపై అచ్చు వేసే ఎచింగ్ అనే కళ ఒక్కటే చేతిలో ఉంది. దాన్ని జపాన్ వాళ్లకు నేర్పితే బతకొచ్చని 1909లో ఓడెక్కాడు. 11 ఏళ్ల తర్వాత తిరిగొచ్చేసరికి అతను ఎచింగ్ టీచర్ కాదు, కుమ్మరి! పేరు బెర్నార్డ్ లీచ్. ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల్లో చేత్తో కుండలు, గిన్నెలు చేసి బతకాలనుకున్న వాళ్లలో చాలామంది ఏదో ఒక దశలో అతని పుస్తకం తిరగేసినవాళ్లే.

కెరియర్ పేజీలో కుమ్మరి కథేంటి అనుకోవద్దు. కాలేజీ చదువు గొప్పదా, పని తెలిసిన గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది గొప్పదా అనే గొడవ మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో ఇప్పటికీ తెగదు. లీచ్ జీవితమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. చివరికి అతనికి దొరికిన జవాబు మాత్రం, అతను ఆశించింది కాదు.

బ్యాంకు నుంచి టోక్యోకి

లీచ్ 1887 జనవరి 5న హాంకాంగ్‌లో పుట్టాడు. కాన్పు సమయంలోనే తల్లి పోయింది. అమ్మమ్మ, తాతయ్య అప్పుడు జపాన్‌లో ఉండేవారు. పసివాణ్ని వాళ్లే తీసుకెళ్లి పెంచారు. అలా మొదటి నాలుగేళ్లు క్యోటోలో గడిచాయి. తర్వాత తండ్రి దగ్గరికి, పదేళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని బోర్డింగ్ స్కూలుకి. చదువు పెద్దగా ఎక్కలేదు కానీ బొమ్మలు బాగా వేసేవాడు. 16 ఏళ్లకే లండన్‌లోని స్లేడ్ ఆర్ట్ స్కూల్లో సీటొచ్చింది.

ఇక్కడే కథ మనకు బాగా తెలిసిన మలుపు తిరుగుతుంది. తండ్రికి క్యాన్సర్. కొడుకు బొమ్మలేసుకుంటూ ఎలా బతుకుతాడోనని ఆయన బెంగ. స్థిరమైన ఉద్యోగం చేస్తానని లీచ్ మాటిచ్చాడు. తండ్రి పోయాక ఆ మాట కోసమే లండన్‌లో హాంకాంగ్ షాంఘై బ్యాంకులో చేరాడు. అంకెల పుస్తకాల ముందు కూర్చోలేకపోయాడు. ఏడాది తిరక్కుండానే మానేసి మళ్లీ ఆర్ట్ స్కూలుకి వెళ్లి ఎచింగ్ నేర్చుకున్నాడు. ఆ రోజుల్లోనే జపాన్ గురించిన పుస్తకాలు చదివి, లండన్‌లో చదువుకుంటున్న జపాన్ కళాకారుడు తకమురా కోతారోతో స్నేహం చేసి, ఆ దేశం వెళ్లి తీరాలనుకున్నాడు.

టోక్యోలో ఇల్లు కట్టుకున్నాడు, పెళ్లి చేసుకున్నాడు, క్లాసులు మొదలెట్టాడు. వచ్చిన కుర్రాళ్లంతా చురుకైన రచయితలు, చిత్రకారులు. వాళ్లలో యానగి సోయెత్సు అనే యువకుడు జీవితాంతం నిలిచిపోయిన స్నేహితుడయ్యాడు. కొన్నాళ్లకే లీచ్‌కు ఓ సంగతి అర్థమైంది. వీళ్లకు తను నేర్పగలిగింది కొంచెం. వీళ్ల దగ్గర తను నేర్చుకోవాల్సింది కొండంత.

అరగంటలో మారిన దారి

1911 ఫిబ్రవరి. ఓ మిత్రుడి ఇంట్లో చిన్న విందు. లీచ్‌తో పాటు తొమిమొతో కెంకిచి అనే స్నేహితుడూ ఉన్నాడు. వచ్చిన అతిథులందరి ముందూ కాల్చిన మట్టిపాత్రలు, రంగులు, కుంచెలు పెట్టారు. ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు వేయాలి. వేశాక ఆ పాత్రల్ని గ్లేజ్ ద్రావణంలో ముంచి, పక్కనే ఉన్న బుల్లి బట్టీలో పెట్టారు. గ్లేజ్ అంటే కాలినప్పుడు కరిగి, పాత్రకు గాజు పూతలా పట్టేసేది. అరగంటలో పాత్రలు ఎర్రటి నిప్పుకణికల్లా అయ్యాయి. పటకారుతో బయటికి తీశారు. చల్లారుతుంటే ఎరుపు తగ్గి, కింద వేసిన బొమ్మ మెల్లగా పైకి తేలింది. పగిలిపోతుందనుకున్న పాత్ర పగల్లేదు. దీన్నే రాకు పద్ధతి అంటారు.

అంతే. లీచ్ ఆ రాత్రి నుంచి మరో పని గురించి ఆలోచించలేదు. నాకో గురువును వెతికిపెట్టండని స్నేహితుల వెంట పడ్డాడు.

గురువు చెప్పలేదు, చేసి చూపించారు

దొరికిన గురువు ఉరానో షిగెకిచి. క్యోటోలో 17, 18 శతాబ్దాల్లో బతికిన ఒగాతా కెంజాన్ జపాన్‌లో ఎంత పేరున్న కుమ్మరి అంటే, ఆయన పేరే ఓ బిరుదై గురువు నుంచి శిష్యుడికి చేరుతూ వచ్చింది. ఉరానో ఆ వరసలో ఆరో కెంజాన్. బిరుదు గొప్పదే కానీ ఆ నాటికి ఆయన పేదవాడు, వయసు మళ్లినవాడు. టోక్యోలో ఫ్యాక్టరీ పింగాణీ రాజ్యమేలుతోంది. ఆయన పాత పద్ధతి పాత్రలు కొనేవాళ్లు తగ్గిపోయారు.

లీచ్‌కు జపనీస్ అంతంతమాత్రం. తొమిమొతో దుబాసీగా వచ్చేవాడు. అలా వచ్చీ వచ్చీ అతనూ ఆ పనిలో పడిపోయాడు. తర్వాతి కాలంలో తొమిమొతో జపాన్‌లోని అగ్రశ్రేణి కుమ్మరుల్లో ఒకడయ్యాడు. గురువుగారిది పాఠం చెప్పే పద్ధతి కాదు. ఆయన సారె ముందు కూర్చుంటారు, చేస్తారు. శిష్యుడు చూడాలి. మట్టి ఎంత మెత్తగా ఉండాలి, కుంచెలో రంగు ఎంత నిలవాలి, మంట ఏ రంగుకొచ్చాక ఆపాలి.. ఏదీ ఏ పుస్తకంలోనూ ఉండదు. కళ్లతో చూసి చేతుల్లోకి ఎక్కించుకోవాల్సిందే. లీచ్ ఇంటి తోటలో ఆయనే ఓ చిన్న బట్టీ కట్టించి ఇచ్చారు.

కొంతకాలానికి గురువు శిష్యులిద్దరికీ పరంపర పత్రాలు రాసిచ్చారు. తరాలుగా వస్తున్న గ్లేజ్ మిశ్రమాల వివరాలు కూడా చేతికొచ్చాయి. ఒక ఇంగ్లిషువాడు కెంజాన్ వరసలో చేరాడన్నమాట. పైకి చూస్తే ఇది కథకు శుభం కార్డు. నిజానికి అప్పుడే మొదలైంది. గురువు దగ్గర లీచ్ నేర్చుకున్నది ముఖ్యంగా తక్కువ వేడిలో కాలే మట్టిపాత్రల పని. మన కుమ్మరి ఆవంలో కాలే కుండలూ ఇలాంటివే. సన్నటి రంధ్రాలుంటాయి, నీళ్లు చెమరుస్తాయి. అందుకే వేసవిలో కుండనీళ్లు చల్లగా ఉంటాయి. 1250 డిగ్రీలు దాటాక మట్టి గట్టిపడి రాయిలా మారే స్టోన్‌వేర్ వేరే ప్రపంచం. లీచ్ ఆ పని మొదలుపెట్టింది టోక్యో పక్కన అబికో ఊళ్లో. యానగి తన స్థలంలోనే బట్టీ పెట్టుకోమని పిలిచాడు. గురువు కట్టించిన బట్టీ ఇటుకలు అక్కడికి చేరాయి.

1919లో ఓ కాల్పు తర్వాత నిప్పు అంటుకుని షెడ్డు మొత్తం తగలబడింది. పనిముట్లతో పాటు ఏళ్లుగా రాసుకున్న నోట్సులూ బూడిదయ్యాయి. బ్యాకప్ లేదు! చిత్రకారుడు కురోదా సెయికి టోక్యోలో తన స్థలంలో ఇంకో బట్టీ కట్టించి ఇవ్వడంతో లీచ్ మళ్లీ నిలదొక్కుకున్నాడు.

కొరియా నేర్పిన పాఠం

జపాన్ కుమ్మరాన్ని తవ్వుకుంటూ పోతే కింద కొరియా కనిపిస్తుంది. 1592-98 యుద్ధాల్లో జపాన్ సేనాపతులు కొరియా నుంచి ఎందరో కుమ్మరుల్ని పట్టుకెళ్లారు. జపాన్‌లో పేరుపడ్డ ఎన్నో బట్టీలు వాళ్లు మొదలుపెట్టినవే. అరితా ఊరి పింగాణీకి ఆద్యుడిగా చెప్పే యి సామ్‌ప్యాంగ్ కూడా అలా వచ్చిన కొరియా మనిషే. జపాన్ టీ గురువులు ప్రాణంగా చూసుకునే కొన్ని గిన్నెలు కొరియాలో మామూలు వాడకానికి చేసినవని చెబుతారు.

1920లో లీచ్ యానగితో కలిసి కొరియా వెళ్లాడు. అప్పటికి పదేళ్లుగా ఆ దేశం జపాన్ పాలనలో ఉంది. ముందు ఏడాదే స్వాతంత్ర్య ఉద్యమాన్ని కర్కశంగా అణచేశారు. జపాన్‌వాడై ఉండి యానగి ఆ అణచివేతను తప్పుపడుతూ రాశాడు. కొరియా కుండల్ని ప్రేమించేవాడు వాటిని చేసిన మనుషుల్ని తొక్కేస్తుంటే ఎలా ఊరుకుంటాడు? 1924లో సోల్‌లో కొరియా జానపద కళల మ్యూజియం పెట్టడంలోనూ అతనిదే ముందడుగు.

అక్కడ లీచ్‌కు సారె దగ్గర కూర్చోబెట్టిన గురువు లేడు. జోసన్ రాజుల కాలంలో పేరు లేని కుమ్మరులు చేసిన పాత్రలే గురువులయ్యాయి. 1935లో మళ్లీ వెళ్లినప్పుడు సోల్‌లో ఓ తెల్లటి పెద్ద జాడీ కొన్నాడు. దీన్ని మూన్ జార్ అంటారు. ఇంత పెద్ద గుండ్రటి జాడీని సారె మీద ఒకే ముద్దతో లేపితే కూలిపోతుంది. అందుకని రెండు పెద్ద గిన్నెలు చేసి, ఒకదానిపై ఒకటి బోర్లించి అతికిస్తారు. నడుం దగ్గర అతుకు కాస్త ఉబ్బుతుంది, కాల్చేటప్పుడు ఓ పక్కకు ఒరుగుతుంది. నిండు చందమామలా ఉంటుంది కానీ కచ్చితమైన గుండ్రం కాదు. ఆ చిన్న వంకర తప్పు కాదని, మనిషి చేయి పడిన గుర్తని లీచ్ తన శిష్యులకు జీవితాంతం చెప్పింది ఇలాంటి కుండల్ని చూసే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ జాడీని లండన్‌లోని కుమ్మరి లూసీ రీ దగ్గర భద్రంగా ఉంచమని ఇచ్చాడు. ఆమె స్టూడియోలోనే దశాబ్దాలు ఉండిపోయి, ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

చెట్లు లేని ఊళ్లో కట్టెల బట్టీ

1920లోనే లీచ్ కుటుంబంతో ఇంగ్లండ్ తిరిగొచ్చేశాడు. వెంట హమాదా షోజీ అనే పాతికేళ్ల జపాన్ కుర్రాడు. ఇతని నేపథ్యం వేరు. టోక్యో టెక్నికల్ స్కూల్లో సిరామిక్స్ చదివాడు. క్యోటోలోని ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో మిత్రుడు కవాయ్ కంజిరోతో కలిసి వేల గ్లేజ్ ప్రయోగాలు చేశాడు. మన భాషలో చెప్పాలంటే ల్యాబ్ నుంచి వచ్చినవాడు.

ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్ అనే సముద్రపు ఊళ్లో ఇద్దరూ కలిసి మెట్ల బట్టీ కట్టారు. పాశ్చాత్య దేశాల్లో ఈ రకం ఇదే మొదటిది. వాలులో ఒకదాని పైన ఒకటిగా గదులుంటాయి. కింది గదిలో కాల్చిన మంట పై గదిలోకి పాకుతూ దాన్ని ముందే వేడెక్కిస్తుంది. వృథా అయ్యే వేడితోనే పక్క గది సగం పని అయిపోతుంది. ఐడియా బ్రహ్మాండం. కానీ ఊరే తప్పు. ఆ గాలి కొట్టే తీరంలో చెట్లు తక్కువ. బట్టీ మేసేదేమో కట్టెలు! స్టోన్‌వేర్‌కు పనికొచ్చే మట్టి కూడా దగ్గర్లో సరిగ్గా దొరకలేదు. పైగా మొదటి బట్టీ ఎక్కువ కాలం నిలవలేదు. నెలల కష్టం ఒక్క రాత్రి కాల్పులో పగిలి, వంకర్లుపోయి, ఒకదానికొకటి అతుక్కుని బయటికొచ్చేది. ఇంట్లో అయిదుగురు పిల్లలు. ఎగ్జిబిషన్లు పెడితే పత్రికలు మెచ్చుకునేవి. అప్పులు మాత్రం తీరేవి కావు.

లెక్క తెలిసిన అతిథి

సరిగ్గా అప్పుడు వచ్చాడు మత్సుబయాషి త్సురునొసుకె. క్యోటో పక్కన ఉజి ఊళ్లో తరతరాల కుమ్మరి కుటుంబం అతనిది. పరంపర ఉంది, దానితో పాటు సైన్సూ ఉంది. నాలాంటి ఇంజినీరింగ్ వాళ్లకు లీచ్ కథలో బాగా నచ్చే మనిషి ఇతనే. 1920ల మొదట్లో సెయింట్ ఐవ్స్ వచ్చి, ఆ బట్టీని విప్పి మళ్లీ మూడు గదులతో కట్టాడు. మంట ఎటు నడవాలి, గాలి ఎంత లాగాలి, గోడ మందం ఎంత ఉండాలి అన్నీ లెక్కేసుకున్నాడు. వచ్చీరాని ఇంగ్లిషులోనే అక్కడి శిష్యులకు మట్టి గురించి, గ్లేజ్ రసాయనాల గురించి పాఠాలు చెప్పాడు. వాళ్లలో క్యాథరిన్ ప్లెడెల్ బూవరీ అనే యువతి శ్రద్ధగా రాసుకున్న నోట్సు ఆమెను తర్వాత బూడిద గ్లేజ్‌లలో అందెవేసిన చేయిని చేసింది. మత్సుబయాషి కట్టిన బట్టీ? 1970ల దాకా పనిచేసింది! ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో నిలబడి ఉంది.

1923లో టోక్యోను పెద్ద భూకంపం కుదిపేసింది. ఆ తర్వాత హమాదా జపాన్ వెళ్లిపోయాడు. మషికో అనే పల్లెలో స్థిరపడి, పక్క ఊళ్లలో వాడే కుండల పక్కనే తన కుండలూ కాల్చుకుంటూ ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు. లీచ్ ఒంటరిగా మిగిలాడు. 1920లు, 30లు అలా లాక్కొచ్చాడు. ఆదుకున్నది డార్టింగ్టన్ హాల్ నడిపిన ఎల్మ్‌హర్స్ట్ దంపతులు. లియొనార్డ్ ఎల్మ్‌హర్స్ట్ అంతకుముందు మన దేశంలో రవీంద్రనాథ్ టాగోర్ దగ్గర శ్రీనికేతన్ పనులు చూసిన మనిషి. అక్కడి స్ఫూర్తితోనే ఇంగ్లండ్‌లో డార్టింగ్టన్ మొదలుపెట్టాడు. 1934లో లీచ్ మళ్లీ జపాన్ వెళ్లగలిగింది వాళ్ల సాయంతోనే.

తండ్రికి ఇష్టంలేని కాలేజీ

తండ్రి జపాన్‌లో ఉన్న సమయంలో సెయింట్ ఐవ్స్ బాధ్యత పెద్దకొడుకు డేవిడ్ మీద పడింది. డేవిడ్ ఏం చేశాడంటే.. ఫ్యాక్టరీ పింగాణీకి కేంద్రమైన స్టోక్ ఆన్ ట్రెంట్ వెళ్లి టెక్నికల్ కాలేజీలో పాటరీ మేనేజర్ల కోర్సులో చేరాడు. లీచ్‌కు ఇది మింగుడు పడలేదు. యంత్రాలతో ప్రాణంలేని కప్పులు పోసే ఊరు అది. దానికి వ్యతిరేకంగానే కదా తను జీవితమంతా నిలబడింది! తూర్పు గురువుల దగ్గర తను చేతులతో పట్టుకొచ్చిందాన్ని కొడుకు లెక్కలతో చెడగొడతాడని భయం.

డేవిడ్ తిరిగొచ్చి చేసినవి చూడండి. కట్టెలు మానేసి బట్టీకి ఆయిల్ బర్నర్లు పెట్టాడు. రెండు రకాల పని మానేసి స్టోన్‌వేర్ మీదే దృష్టి పెట్టాడు. మట్టి మిశ్రమాన్ని ప్రతిసారీ ఒకేలా వచ్చేట్టు సరిచేశాడు. ఊళ్లోని కుర్రాళ్లనే శిష్యులుగా తీసుకున్నాడు. తండ్రీకొడుకులు కలిసి స్టాండర్డ్ వేర్ అనే వరస మొదలెట్టారు. కప్పు, గిన్నె, జగ్గు, మూత ఉన్న కూర పాత్ర.. ఒక్కోదానికి ఇంత మట్టి, ఇంత ఎత్తు అని లెక్క. క్యాటలాగ్ అచ్చేసి పోస్టులో ఆర్డర్లు తీసుకున్నారు. గ్యాలరీలో పెట్టుకునే ఖరీదైన ముక్క కాదు, మామూలు ఇంట్లో రోజూ తినే పళ్లెం. వర్క్‌షాప్ మొదటిసారి తన కాళ్లపై నిలబడింది.

ఇందులో తమాషా ఏంటంటే, ఈ పద్ధతే లీచ్ కోరుకున్న తూర్పు శిక్షణకు దగ్గరైంది. కొత్తగా చేరిన శిష్యుడు ఒకే ఆకారాన్ని వందలసార్లు చేయాలి. చేయి దానంతట అది కదిలేదాకా చేయాలి. ఉరానో గారు మాటల్లేకుండా నేర్పిందీ అదే. కానీ ఆ వందో గిన్నె పగలకుండా బట్టీ నుంచి రావాలంటే స్టోక్ చదువు కావాలి. చెయ్యి గురువు ఇచ్చాడు, దాన్ని నిలబెట్టింది లెక్క. రెంటిలో ఏదో ఒకటే చాలనుకున్న రోజులన్నీ లీచ్‌కు నష్టాల్లోనే పోయాయి.

పుస్తకం.. ఒక తరానికి గురువు

1940లో లీచ్ రాసిన ఎ పాటర్స్ బుక్ వచ్చింది. మట్టి ఎలా కలపాలి, బట్టీ ఎలా కట్టాలి, గ్లేజ్‌లో ఏది ఎంత వేయాలి, మంచి కుండ అంటే ఏంటి.. అన్నీ ఒకేచోట. గురువు కంటిచూపుతో నేర్పినదాన్నీ, మత్సుబయాషి, హమాదా, డేవిడ్‌ల లెక్కల్నీ కలిపి కాగితం మీద పెట్టాడు. ఒకరకంగా అది కుమ్మరాన్ని ఓపెన్ సోర్స్ చేయడమే. గురువుల ఇళ్లలో దాచుకునే మిశ్రమాలు ఎవరైనా కొనుక్కోగల పుస్తకంలోకి వచ్చేశాయి. అది చదివి సముద్రాలు దాటి సెయింట్ ఐవ్స్ వచ్చినవాళ్లలో అమెరికా కుర్రాడు వారెన్ మెకెంజీ ఒకడు. భార్య అలిక్స్‌తో కలిసి 1949 నుంచి అక్కడ పనిచేసి, తిరిగెళ్లి మిన్నెసోటాలో కొన్ని తరాల విద్యార్థులకు నేర్పాడు.

1952లో డార్టింగ్టన్‌లో అంతర్జాతీయ చేతివృత్తుల సదస్సు జరిగింది. యానగి, హమాదా వచ్చారు. తర్వాత ముగ్గురూ కలిసి అమెరికా అంతా తిరిగి, ఉపన్యాసాలిచ్చి, సారె మీద చేసి చూపించారు.

లీచ్ మీద విమర్శలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి జపాన్‌లో ఉన్నా భాష పూర్తిగా పట్టుబడలేదు. తనకు నచ్చిన పాత జపాన్‌నే జపాన్ మొత్తంగా చూపించాడని, నగరాల్లోని ఆధునిక కళను పట్టించుకోలేదని తర్వాతి తరం రాసింది. 1960ల్లో సానో ఊళ్లో మొదటి కెంజాన్ చేసినవంటూ కొన్ని కుండలు బయటపడితే లీచ్ అవి అసలువేనని గట్టిగా వాదించాడు. చాలామంది నిపుణులు మాత్రం వాటిని నకిలీలుగానే చూస్తారు. గురుపరంపర మీది ప్రేమ ఒక్కోసారి కళ్లకు గంతలూ కట్టగలదు.

మన దేశానికీ ఓ పాయ

ఈ కథలో మనవాడూ ఒకరున్నారు. గురుచరణ్ సింగ్. ఢిల్లీ పాటరీస్‌లో పనిచేస్తూ, సిరామిక్స్ చదవడానికి 1919లో జపాన్ వెళ్లారు. అక్కడ లీచ్, యానగి, హమాదాల బృందంతో పరిచయమైంది. తిరిగొచ్చి ఢిల్లీ బ్లూ ఆర్ట్ పాటరీ నడిపారు. మన దేశంలో స్టూడియో పాటరీకి పితామహుడని ఆయన్నే అంటారు. 1991లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కుటుంబం మొదలుపెట్టిన ఆండ్రెట్టా పాటరీ హిమాచల్‌ప్రదేశ్‌లో ఉంది. మనకింకా దగ్గర్లో పుదుచ్చేరిలో 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలైంది. దాన్ని పెట్టిన ఇద్దరిలో డెబొరా స్మిత్ అంతకుముందు జపాన్‌లోని బిజెన్‌లో ఓ గురువు దగ్గర శిష్యరికం చేసి వచ్చారు. దక్షిణాదిలో స్టోన్‌వేర్ చేసే ఎందరో నేర్చుకున్నది అక్కడే.

చివరిదాకా విద్యార్థే

1970ల మొదట్లో లీచ్ చూపు తగ్గిపోయింది. సారె దగ్గర కూర్చోవడం కుదరలేదు. చూపు పోయినా ఊరుకోలేదు. చెబుతుంటే ఇతరులు రాసిపెట్టేవారు. యానగి వ్యాసాల్ని ఇంగ్లిషులోకి తెచ్చిన పుస్తకం 1972లో, సొంత జ్ఞాపకాల పుస్తకం 1978లో వచ్చాయి. అదే 1978 జనవరి 5న, సరిగ్గా లీచ్ 91వ పుట్టినరోజునే, హమాదా కన్నుమూశాడు. 1979 మే 6న సెయింట్ ఐవ్స్‌లో లీచ్ వెళ్లిపోయాడు. వర్క్‌షాప్ మాత్రం ఇంకా నడుస్తోంది. కుర్రాళ్లు అక్కడ ఇప్పటికీ గిన్నెలు చేస్తున్నారు.

24 ఏళ్లకు కొత్త పని మొదటి అక్షరం నుంచి నేర్చుకున్నవాడు, 33 ఏళ్లకు సర్టిఫికెట్ ఉండి కూడా సరైన బట్టీ కట్టలేకపోయినవాడు, 50 ఏళ్ల వయసులో కొడుకు తెచ్చిన చదువుకు తలవంచినవాడు లీచ్. మీరు ఇప్పుడు ఏ కోర్సులో ఉన్నా, ఏ ఉద్యోగంలో చేరినా, ఒక్కసారి చూసుకోండి. పుస్తకం తెలిసిన మీకు చేయి తిరిగిన మనిషి ఎవరైనా దగ్గర్లో ఉన్నారా? ఉంటే వాళ్ల పక్కన కూర్చోండి. చేతిపని వచ్చిన మీకు లెక్క చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా? వాళ్లను తక్కువగా చూడకండి. పగలని కుండ వెనక ఇద్దరూ ఉంటారు.